స్పెయిన్‌లో శాన్ పెద్రో మన్రీకే నిప్పుల పండగ: అంత దూరం వెళ్లొచ్చా?

చెరువుగట్టు_చిన్నోడు:
మాడ్రిడ్‌కి ఉద్యోగం మీద వచ్చి ఏడాది కావస్తోంది. ఆఫీసులో ఒకాయన మాటల మధ్యలో శాన్ పెద్రో మన్రీకే అనే ఊరి పేరు చెప్పాడు. సోరియా ప్రావిన్స్‌లో కొండల మధ్య చిన్న పల్లె, జనం వెయ్యి మంది కూడా ఉండరట, కానీ జూన్ 23 రాత్రి అక్కడ నిప్పులు తొక్కుతారట. మాది నల్గొండ వైపు, చెరువుగట్టు జాతరలో అగ్నిగుండాలు చూస్తూ పెరిగినవాణ్ని, ఇక ఆగలేక యూట్యూబ్‌లో వెతికా. వీళ్లు ఊరికే నడవట్లేదు, వీపు మీద ఇంకో మనిషిని ఎక్కించుకుని మరీ నడుస్తున్నారు! ఇది మొక్కా, లేక టూరిస్టుల కోసం పెట్టిన షోనా? ఎప్పట్నుంచి ఉంది? మనలాంటి వాళ్లని తొక్కనిస్తారా? కారు అద్దెకి తీసుకుని, అర్ధరాత్రి చూసేసి, తెల్లారేసరికి ఇంటికి వచ్చేయాలని ప్లాన్. వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి.

జరగోజా_శీను:
తెల్లారేసరికి వచ్చేస్తే సగం పండగ వదిలేసినట్టే బ్రో.

ముందు రాత్రి సంగతి చెప్తా. ఊళ్లో పేన్యా మాత (అంటే మరియమ్మ) గుడి ఉంది, గుండం దాని ముందే. చుట్టూ మెట్లు కట్టారు, మూడు వేల మంది దాకా పడతారు, అంటే ఊరి జనాభాకి ఎన్ని రెట్లో నువ్వే లెక్కేసుకో. పొద్దు గూకే వేళకి ఓక్ కట్టెలు పేర్చి అంటిస్తారు, రెండు టన్నుల దాకా ఉంటాయంటారు. అర్ధరాత్రికి మంట తగ్గి నిప్పులు మిగులుతాయి. అప్పుడు పొడుగాటి కర్రలు పట్టుకుని కొందరు ఆ నిప్పుల్ని కొట్టి, పరిచి, చదును చేస్తారు. నన్నడిగితే అసలు చూడాల్సింది ఇదే. రాయి ముక్క కనపడినా, సగం కాలిన కట్టె కనపడినా పక్కకి లాగేస్తారు, వేడికి మొహాలు కందిపోయి తల పక్కకి తిప్పుకుంటూనే పని కానిస్తుంటారు, ఎవరూ తొందర పెట్టరు. తర్వాత బాకా ఊదుతారు, ఒక్కొక్కరే వట్టి కాళ్లతో దిగుతారు. వీపు మీద భార్యో, కూతురో, స్నేహితుడో. ఆరేడు అడుగుల్లో అయిపోతుంది. అవతలి గట్టున ఇంటివాళ్లు ఒక్కసారిగా మీద పడి వాటేసుకుంటారు.

మొక్కా అంటే, మొక్కుకుని దిగేవాళ్లూ ఉన్నారు గానీ మన దగ్గరలా దీక్ష పట్టి, పసుపు బట్టలు కట్టి దిగే తంతు కాదు. గుడి ముందు జరుగుతుందే గానీ పూజారి చేతిలో ఉండేది కాదు. మా నాన్న తొక్కాడు, నేనూ తొక్కుతా, అంతే. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి కాలదని, బయటోళ్లకి కాలుతుందని వాళ్ల నమ్మకం. కాబట్టి నువ్వు బుద్ధిగా మెట్ల మీద కూర్చో.

ఇక పొద్దున. 24న తెల్లవారాక మేయరూ కౌన్సిలర్లూ నల్ల కోటు వేసుకుని, రెండు కొసల టోపీ పెట్టుకుని, గుర్రాలెక్కి పాత కోటగోడ చుట్టూ తిరుగుతారు. దీన్ని దెస్కుబియెర్తా అంటారు. ఆ తర్వాత మోందిదాలు వస్తారు. ఏటా చీటీలు తీసి ముగ్గురు పెళ్లికాని అమ్మాయిల్ని ఎంచుతారు, తెల్లబట్టలు, తల మీద పూలు కట్టిన బుట్ట. ఆ బుట్టలోంచి కుంకుమపువ్వు రంగు పిండి పట్టించిన సన్నటి కొమ్మలు నిటారుగా పైకి లేచి ఉంటాయి. అంత ఎత్తు బరువు నెత్తిన పెట్టుకుని, మెడ కదలకుండా, రాళ్లు పరిచిన వీధుల్లో నడవాలి. ముందు రోజు రాత్రి వీళ్లనీ వీపు మీద నిప్పులు దాటించి ఉంటారు. మధ్యాహ్నం చౌకులో నిలబడి పద్యాలు చదువుతారు, కొత్తగా రాసినవే, ఊరి కథతో పాటు వాళ్ల సొంత మాటలూ ఉంటాయి. కింద నిలబడ్డ అవ్వలు కళ్లొత్తుకుంటుంటే భాష రాకపోయినా అర్థమైపోతుంది.

ఫిజిక్స్_మాస్టారు:
ఊళ్లో పుట్టినా పుట్టకపోయినా నిప్పుకి తేడా తెలీదండీ. బొగ్గు వేడిని చాలా నెమ్మదిగా వదులుతుంది, పైన బూడిద పొర ఉంటుంది, పాదం ఆనేది క్షణంలో కొంత భాగం. అందుకే రాయి, ఇనుప ముక్క లేకుండా ఏరుతారు, అవి మాత్రం చుర్రుమనిపిస్తాయి. అలాగని ఇంట్లో ట్రై చేసేరు, కాళ్లు కాలి ఆసుపత్రి పాలైన వాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

నాకు నచ్చింది వేరే విషయం. దిమిత్రిస్ క్సిగలాటాస్ అనే గ్రీకు పరిశోధకుడూ, డెన్మార్క్‌లోని ఆర్హస్ యూనివర్సిటీ వాళ్లూ ఈ ఊళ్లోనే గుండె వేగం కొలిచే యంత్రాలు కట్టి చూశారు, 2011లో పేపర్ వచ్చింది. నిప్పుల పైభాగం వేడి 677 డిగ్రీలు. నడిచినవాళ్లు 12 మంది, వాళ్ల బంధుమిత్రులు 9 మంది, ఏ సంబంధమూ లేని సందర్శకులు 17 మంది. నడిచేవాడి గుండె ఎలా ఎగిసి పడిందో, మెట్ల మీద కూర్చున్న అతని మనుషుల గుండె కూడా అదే తీరులో ఎగిసింది. సందర్శకుల గుండెకి మాత్రం ఆ పోలికే లేదు! అందరూ చూసింది ఒకే దృశ్యం, ఒకే అరుపులు, ఒకే వేడి. ఇంకో తమాషా, నడిచినవాళ్లని తర్వాత అడిగితే ఆ క్షణంలో ప్రశాంతంగానే ఉన్నామన్నారట, యంత్రంలో చూస్తే గుండె పరుగో పరుగు.

కాబట్టి షోనా కాదా అన్నదానికి, మెట్ల మీద ఎవరి పక్కన కూర్చున్నారో దాన్ని బట్టి జవాబు మారుతుందండీ.

చెరువుగట్టు_చిన్నోడు:
మాస్టారూ, మా మేనమామ గుండంలో దిగినప్పుడు మా అమ్మ నా చెయ్యి నలిపేసేది, ఇప్పుడర్థమైంది 😀 ఎంత పాతదో ఎవరూ చెప్పలేదు. వెబ్‌సైట్లలో రెండు వేల ఏళ్లు అని రాశారు?

పాతరాతి_గోడ:
ఆ రెండు వేల ఏళ్ల మాటని గుడ్డిగా నమ్మెయ్యకు. రోమన్ల ముందు ఇక్కడున్న సెల్తిబేరియన్లనే తెగల నాటి ఆచారమని, మోందిదాలు అప్పటి పూజారిణుల వారసులని చెప్పేవాళ్లున్నారు. వినడానికి బాగానే ఉంటుంది, తెగకుండా వచ్చిందనడానికి ఆధారం చూపించమంటే మాత్రం నీళ్లు నములుతారు. ఊరి కథ ఇంకోటి: దక్షిణ స్పెయిన్‌లోని కోర్దోబాని ఏలిన ముస్లిం పాలకుడు ఎమీరుకి ఏటా 100 మంది కన్యల్ని కప్పంగా పంపాల్సి వచ్చేదని, 844లో క్లావిహో యుద్ధంలో రామీరో రాజు గెలిచి ఆ కప్పం రద్దు చేయించాడని, మోందిదాలు దానికి గుర్తని. ఆ యుద్ధం అసలు జరగనే లేదంటారు చరిత్రకారులు. అయినా పద్యాల్లో ఏటా జరుగుతూనే ఉంటుంది, జరగనీ, మనకేం నష్టం.

నాకు గట్టిగా అనిపించే చరిత్ర గొర్రెలది. ఈ కొండలు మెరీనో అనే మేలురకం ఉన్ని గొర్రెల మందల సీమ. 1273లో పదో అల్ఫోన్సో రాజు కాపరుల సంఘమైన మెస్తాకి హక్కులు రాసిచ్చాడు, 1836లో అది రద్దయ్యేదాకా సోరియా దానికొక ముఖ్య కేంద్రం. చలికాలం రాకముందే మగవాళ్లు మందల్ని తోలుకుని దక్షిణాదికి వెళ్లిపోయేవాళ్లు, ఎండాకాలం మొదట్లో తిరిగొచ్చేవాళ్లు. నెలల తరబడి ఆడవాళ్లూ ముసలివాళ్లే మిగిలిన ఊరికి జూన్ చివర అంటే మగాళ్లు ఇంటికొచ్చిన రోజులు. వీపు మీద ఇంటి మనిషిని ఎక్కించుకోవడం అక్కణ్నుంచే పుట్టిందని నేననను, కానీ పండగ ఆ రోజుల్లో ఎందుకంత గట్టిగా పాతుకుందో ఊహించొచ్చు.

ఉన్ని వ్యాపారం పోయాక ఊళ్లు ఖాళీ అయ్యాయి. మన్రీకే పంచాయతీ కిందే ఉన్న సర్నాగోలో 1979కల్లా ఒక్క మనిషీ మిగల్లేదు. మరుసటి ఏడే వలసపోయినవాళ్లు సంఘం పెట్టుకుని, కూలిన ఇళ్లు ఒక్కోటే నిలబెట్టుకుంటూ వస్తున్నారు. వాళ్లకీ మోందిదాలున్నారు, ఆగస్టులో చేస్తారు. మన్రీకేలో పంది మాంసం ఊరబెట్టే ఫ్యాక్టరీ ఉండబట్టి కొంతమందైనా నిలిచారు.

జరగోజా_శీను:
చిన్నోడా, ఇంకో ముక్క. ఊరు వెయ్యి మీటర్ల పైన ఉంది, జూన్ కదా అని టీషర్ట్‌లో వెళ్లావంటే రాత్రి వణికి చస్తావ్, జాకెట్ పట్టుకెళ్లు. ఊళ్లో రూములు దొరకవు, సోరియాలో ఇప్పుడే బుక్ చేసుకో. మెట్ల మీద చోటు కావాలంటే చీకటి పడకముందే చేరాలి. 24 మధ్యాహ్నం పద్యాలయ్యాకే కారు తియ్యి.