వద్దన్నవి తీసేయాలా, కావాలన్నవే రానివ్వాలా? ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ టెంప్లేట్ల మీద చర్చ

చీమకుర్తి_పాలిష్
గ్రానైట్ ప్యాకింగ్ లిస్టు ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్‌ఎంఎల్‌గా, అంటే ట్యాగుల మధ్య డేటా ఉండే ఫైలుగా వస్తుంది. పైన "బిల్లు", దాని లోపల పలకకొక "స్లాబు". అందులో బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, మందం, కొన్నధర, గమనిక. కొనుగోలుదారుకు పంపే కాపీలో కొన్నధర కనపడకూడదు. అంతా కాపీ చేసి ఆ ఒక్కటీ తీసేయడం మేలా, కావాల్సిన వాటికే టెంప్లేట్లు (ఏ ట్యాగు తగిలితే ఏం రాయాలో చెప్పే నియమాలు) రాయడం మేలా? మార్చేది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో, అంటే ఎక్స్‌ఎంఎల్‌ను ఇంకో రూపంలోకి మార్చే భాషతో. దాన్ని నడిపే ప్రాసెసర్ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్, కాబట్టి ఆ భాషలో 1999 నాటి 1.0 వెర్షనే.

పెన్నా_గట్టు
మొదటిదే అన్నా. అన్నిటినీ ఉన్నదున్నట్టు కాపీ చేసే ఐడెంటిటీ టెంప్లేట్ ఒకటి, ఖాళీ టెంప్లేట్ ఒకటి, అంతే పని. మొదటిదాని మ్యాచ్‌లో (వేటికి తగలాలో చెప్పే చోట) "@*|నోడ్()" పెట్టి, లోపల కాపీ, దాని లోపల అప్లై-టెంప్లేట్స్ రాయండి. ఆ సెలెక్ట్‌లో కూడా "@*|నోడ్()" ఉండాలి. అక్కడ @* మర్చిపోతే అట్రిబ్యూట్లన్నీ, అంటే ట్యాగు లోపలే రాసే విలువలన్నీ ఊడిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. రెండోదానికి మ్యాచ్ "కొన్నధర", లోపల ఏమీ ఉండదు. ప్రయారిటీ వేయనక్కర్లేదు. పేరుతో రాసిన మ్యాచ్‌కు 0, నోడ్()కు -0.5 కాబట్టి పేరున్నదే గెలుస్తుంది. రేపు కొత్త కాలమ్ చేరినా స్టైల్‌షీట్ (ఈ టెంప్లేట్లున్న ఫైలు) ముట్టుకునే పని లేదు.

కొత్తపట్నం_తీరం
ఆ చివరి మాటే ప్రమాదం. రేపు చేరే కాలమ్ "కమీషన్" అయితే? నేరుగా కొనుగోలుదారు చేతికి పోతుంది. కొన్నధరను ఎలిమెంట్‌గా (విడి ట్యాగుగా) కాక స్లాబుకు అట్రిబ్యూట్‌గా మార్చినా అంతే. "కొన్నధర" అన్న మ్యాచ్ దానికి తగలదు, "@కొన్నధర" అని విడిగా రాయాలి.

బయటికి పోయే కాగితానికి తలుపు మూసే ఉండాలి. అయితే కావాల్సిన వాటికి టెంప్లేట్లు రాసి ఊరుకుంటే చాలదు. టెంప్లేట్ దొరకని ఎలిమెంట్ దగ్గర ప్రాసెసర్ తనలో ఉన్న రూల్ వాడుతుంది: ఎలిమెంట్ అయితే పిల్లల్లోకి దిగుతుంది, టెక్స్ట్ అయితే ఉన్నదున్నట్టు రాసేస్తుంది. అందుకే కొన్నధర ట్యాగు పోయినా అంకె మాత్రం కాగితం మీద మిగులుతుంది. "టెక్స్ట్()" మ్యాచ్‌తో ఒక ఖాళీ టెంప్లేట్ పెట్టి, కావాల్సిన ఎలిమెంట్లలో వాల్యూ-ఆఫ్ (లోపలి టెక్స్ట్ మాత్రమే రాసేది) వాడండి. ఆ వాల్యూ-ఆఫ్‌ను స్లాబు మీద మాత్రం వేయొద్దు, లోపలున్న టెక్స్టంతా, కొన్నధరతో సహా, కలిపి ఇచ్చేస్తుంది. కాపీ-ఆఫ్ కూడా వద్దు, అది టెంప్లేట్లను అసలు పిలవకుండా మొత్తం కాపీ చేసేస్తుంది.

కావలి_కోడర్
ఇంత ఎందుకండీ? బిల్లుకు ఒకే టెంప్లేట్, లోపల స్లాబు మీద ఫర్-ఈచ్, ఒక్కో గడికి ఒక వాల్యూ-ఆఫ్. అడిగిందే వస్తుంది.

కొత్తపట్నం_తీరం
గడుల వరకు నిజమే. గమనిక దగ్గర పని చేయదండీ. "అంచు <ముఖ్యం>పగులు</ముఖ్యం> ఉంది" అని ఉంటే వాల్యూ-ఆఫ్ మధ్య ట్యాగును మింగేస్తుంది, పగులు అన్న మాట బోల్డ్‌లో రాదు. అక్కడ అప్లై-టెంప్లేట్స్‌కు మోడ్ (ఏ గుంపు టెంప్లేట్లను పిలవాలో చెప్పే పేరు) "గమనిక" ఇవ్వండి. ఖాళీ టెక్స్ట్ టెంప్లేట్‌కు మోడ్ లేదు కాబట్టి ఈ మోడ్‌లో అది అడ్డం రాదు, టెక్స్ట్ మామూలుగా వస్తుంది. "ముఖ్యం" టెంప్లేట్‌కూ అదే మోడ్ పెట్టాలి, దాని లోపలి అప్లై-టెంప్లేట్స్‌కూ పెట్టాలి. చాలామంది తప్పేది ఆ లోపలి దగ్గరే: అక్కడ మోడ్ లేకపోతే పిలుపు మళ్లీ ఖాళీ టెంప్లేట్‌కు పోయి, "అంచు ఉంది" అని మిగులుతుంది. పగులే మాయం!

చీమకుర్తి_పాలిష్
ఇంకొకటి. బిల్లు ట్యాగులో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అని ఒక అడ్రసు ఉంది. దానివల్ల ఏమన్నా తేడా వస్తుందా?

కొత్తపట్నం_తీరం
అదుంటే మ్యాచ్‌లో ఉత్త "కొన్నధర" ఏ ఎలిమెంట్‌కూ తగలదు. ఆ అడ్రసునే నేమ్‌స్పేస్ అంటారు. స్టైల్‌షీట్ పైన అదే నేమ్‌స్పేస్‌కు ఒక ప్రిఫిక్స్ (పేరు ముందు పెట్టే గుర్తు) ప్రకటించి "పి:కొన్నధర" అని రాయాలి. ఇప్పుడు రెండు దారులనూ పోల్చి చూడండి. ఐడెంటిటీ దారిలో ప్రిఫిక్స్ మరిచారంటే ఖాళీ టెంప్లేట్ పనిచేయదు, ధర కొనుగోలుదారు చేతికి పోతుంది, ఎవరికీ తెలియదు. నా దారిలో మరిస్తే వచ్చేది ఖాళీ కాగితం. చూడగానే తెలుస్తుంది.

పెన్నా_గట్టు
నేమ్‌స్పేస్ వాదన ఒప్పుకుంటా. కానీ నీ దారిలోనూ ఒక చాటు నష్టం ఉంది తమ్ముడూ. రేపు "హెచ్‌ఎస్ కోడ్" (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని చెప్పే నంబరు) అనే ఎలిమెంట్ చేరిందనుకో, చప్పుడు లేకుండా రాలిపోతుంది. ఆ లిస్టుతోనే కంటైనర్ రేవుకు చేరితే తిప్పలు మామూలుగా ఉండవు. కాబట్టి మూసెయ్యి, కానీ మూగగా మూయొద్దు. "*" మ్యాచ్‌తో ఒక టెంప్లేట్, లోపల మెసేజ్, టెర్మినేట్ "యెస్", అందులో నేమ్() (తగిలిన ట్యాగు పేరు) రాసిపెట్టు. దాని ప్రయారిటీ -0.5 కాబట్టి పేరున్నవాటికి అడ్డం రాదు. కొన్నధరకు ఖాళీ టెంప్లేట్ కావాలనే రాయాలి, అది తెలిసి తీసేసినట్టు లెక్క. తెలియని పేరు తగిలితే ప్రాసెసర్ ఆ పేరు చెప్పి ఆగిపోతుంది. గమనిక మోడ్‌కూ ఇట్టాంటిదే ఇంకొకటి రాయాలి, మోడ్ మారితే ఇది వర్తించదు. "*" అట్రిబ్యూట్లకు తగలదు, వాటిని నువ్వు పేరుపెట్టి పిలిస్తేనే వస్తాయి గనక ఫర్లేదు.

2017లో వచ్చిన 3.0లో అయితే మోడ్ డిక్లరేషన్‌లో ఆన్-నో-మ్యాచ్‌కు "ఫెయిల్" అంటే చాలు, కాకపోతే అది టెక్స్ట్‌కూ అట్రిబ్యూట్లకూ వర్తిస్తుంది. దానికి శాక్సన్ లాంటి ప్రాసెసర్ కావాలి.

ఆఫీసులో ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌కు మార్చే పనులకు మాత్రం నేను ఐడెంటిటీ వదలను. అక్కడ దాచేదేమీ లేదు, పోగొట్టుకుంటేనే నష్టం.

కొత్తపట్నం_తీరం
ఆఫీసు లోపలి పనికి నాకూ అభ్యంతరం లేదన్నా. చీమకుర్తి సోదరా, మెయిల్ పంపే స్క్రిప్టులో ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) తప్పక చూడండి. మెసేజ్ వల్ల ఆగితే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ 10 ఇస్తుంది. సున్నా అయితేనే ఫైలు బయటికి పోవాలి.