ఏరు దాటాక డాలీ పార్టన్ తెప్ప తగలేశారా?

ప్రశ్న: 1967లో అమెరికా కంట్రీ సంగీత గాయకుడు పోర్టర్ వాగనర్ తన టీవీ కార్యక్రమంలోకి తీసుకునేనాటికి గాయని డాలీ పార్టన్ ఆ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కు వచ్చి మూడేళ్ళే అయింది. అంతకుముందు ఆ స్థానంలో పాడిన నార్మా జీన్ కావాలని ప్రేక్షకులు కేకలు వేస్తున్న రోజుల్లో, ఆయన డాలీతో యుగళగీతాలు పాడి ఆమెను జనానికి దగ్గర చేశారు, ఆర్‌సీఏ రికార్డింగ్ సంస్థలో చోటు ఇప్పించారు. అంత చేసిన మనిషిని 1974లో విడిచి వెళ్ళడాన్ని ఏరు దాటి తెప్ప తగలేయడం అనక ఏమనాలి?

జవాబు: ఆయన చేసిన మేలును నేను కాదనను. అయితే, అయిదేళ్ళు ఉంటానని వచ్చిన ఆమె ఏడేళ్ళు ఉన్నారన్న సంగతిని మీరు ప్రస్తావించలేదు. కార్యక్రమం ఆయన పేరు మీదిది. ఎంత గొప్పగా పాడినా అందులో ఆమెది రెండో స్థానమే. అప్పటికే ‘జాషువా’, ‘జోలీన్’ పాటలను సొంతంగా రాసి, ఒంటరిగా పాడి కంట్రీ పాటల ఆదరణ జాబితాలో మొదటి స్థానానికి చేర్చిన గాయని ఇంకెన్నాళ్ళు పక్క వాద్యంలా ఉండిపోవాలి? మాటలతో చెబితే ఆయన వినడం లేదని, ఇంటికి వెళ్ళి ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యు’ రాసుకుని, మర్నాడు ఆయన కార్యాలయంలో ఎదురుగా కూర్చుని పాడి వినిపించానని ఆమె చెప్పుకున్నారు. ఆయన కన్నీళ్ళు పెట్టుకుని, ఆ పాట రికార్డింగును తన చేతుల మీదుగా జరగనిస్తే వెళ్ళవచ్చన్నారట. తెప్ప తగలేసే మనిషి సెలవు తీసుకోవడానికి అలాంటి పాట కట్టదని నా నమ్మకం. కార్యక్రమం వదిలాక కూడా కొంతకాలం ఆమె రికార్డుల నిర్మాణం ఆయన చేతిలోనే ఉంది.

ప్రశ్నించినవారు: అంత సామరస్యంగా విడిపోతే 1979లో ఆయన 30 లక్షల డాలర్లకు దావా ఎందుకు వేశారండీ?

జవాబు: ఆమె పైకి రావడంలో తన కష్టం ఉంది కాబట్టి ఆ రాబడిలో తనకూ వాటా రావాలని ఆయన భావించారు, ఆ బాధను నేను తేలిక చేయను. చివరికి కోర్టు బయట రాజీ కుదిరింది. కానీ దారి చూపినందుకు రుణపడి ఉండడం వేరు, ఆ దారిన నడిచినంత కాలం సుంకం కట్టడం వేరు. ఆ ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యు’ పాటనే గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడాలనుకున్నప్పుడు, ప్రెస్లీ మేనేజరు ప్రచురణ హక్కుల్లో సగం అడిగితే, ఎంత ఆశ ఉన్నా ఆమె ఇవ్వలేదు. 1992లో గాయని విట్నీ హ్యూస్టన్ దాన్ని మళ్ళీ పాడి ప్రపంచమంతా వినిపించినప్పుడు ఆ హక్కులు రాసినామె దగ్గరే ఉన్నాయి. ఆమె ఒంటరిగా సాగడమంటే నా దృష్టిలో ఇదే: తన పాట మీద నిర్ణయం తనదిగా ఉంచుకోవడం. ఇక కృతజ్ఞత సంగతి అంటారా, 2007 మే నెలలో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే కంట్రీ సంగీత వేదికలో వాగనర్ యాభై ఏళ్ళ సభ్యత్వానికి వేడుక జరిగితే డాలీ వచ్చి, ఒకప్పుడు సెలవు అడిగిన ఆ పాటనే ఆయన ఎదుట పాడారు.