అప్‌డేట్: డస్ట్ కలెక్టర్ పైపు ముట్టుకుంటే కొట్టే షాక్ ఆగింది

మొన్న అడిగాను కదా, కూకట్‌పల్లిలోని మా షెడ్డులో ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన బోర్డు) మీద నునుపు చేసే మిషన్ శాండర్ ఆడిస్తుంటే, రేగే పొడిని లాగేసే డస్ట్ కలెక్టర్ పైపుకు చెయ్యి తగిలినప్పుడల్లా చిటుక్కుమని షాక్ కొడుతోందని. ముందు ఎలక్ట్రీషియన్‌తో లీకేజీ, ఎర్తింగ్ రెండూ చూపించాను. వైరింగ్‌లో ఏమీ లేదు. లీకేజీ అయితే ముట్టుకున్నంతసేపూ జిల్లుమంటూనే ఉంటుందట, ఇది ఒక్క రవ్వతో సరి. చెక్క పొడి ప్లాస్టిక్ పైపు లోపల రాసుకుంటూ పోతే పుట్టే స్టాటిక్ కరెంటే (రాపిడితో పేరుకునే చార్జ్) ఇదంతా, పైగా చలికాలం పొడి గాలి, కాళ్లకేమో రబ్బరు చెప్పులు, ఇంక ఒంట్లో చేరిన చార్జ్ ఎటు పోతుంది?

కొందరు చెప్పినట్టు పైపు మీద రాగి తీగ చుట్టి ఎర్త్ చేశాను, కొంచెం తగ్గింది అంతే. ప్లాస్టిక్‌లో కరెంటు పారదు కాబట్టి తీగ తగిలిన చోట చార్జే పోతుంది, బెత్తెడు పక్కన మళ్లీ చురుక్కు!

చివరికి రాణిగంజ్‌లో చార్జ్‌ను తనలోంచి పోనిచ్చే నల్లటి యాంటీ స్టాటిక్ పైపు తెచ్చాను. ధర మాత్రం మండిపోతోంది. పైపు చివర్లు కలిపే కప్లింగులు కూడా ఆ రకానివే కావాలి, మామూలు ప్లాస్టిక్‌వి పెడితే చార్జ్ పోయే దారి అక్కడే తెగిపోతుంది. శాండర్‌ది రెండు పిన్నుల ప్లగ్గు, దానికి ఎర్త్ లేదు, అందుకే పైపును డస్ట్ కలెక్టర్ ఇనుప బాడీకి కలిపాను, దానికి ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు ఉంది. పాత పైపు ఎవరికైనా కావాలంటే చెప్పండి, తీగతో సహా ఇచ్చేస్తాను.