"మోరల్లీ స్ట్రెయిట్"ని తెలుగులో ఏమనాలి? ఋజువా, తిన్ననా, సీదానా?

పలకా_బలపం:
నాలుగు రోజులుగా ఒక వాక్యం సగమే గుర్తొచ్చి బుర్ర తినేస్తోంది. హైస్కూల్లో గైడ్స్‌లో ఉన్నప్పుడు మూడు వేళ్లెత్తి చెప్పిన ప్రమాణం అది. "నా గౌరవంపై ప్రమాణం చేసి చెబుతున్నాను, ____ పట్ల, దేశం పట్ల నా కర్తవ్యాన్ని..." ఆ ఖాళీలో ఏమనేవాళ్లం? దేవుని పట్లా, దైవం పట్లా, ధర్మం పట్లా?

ఇప్పుడెందుకంటే, మా వాడు ఇక్కడ న్యూజెర్సీలో స్కౌట్. వాడి ప్రమాణానికి అర్థం చెప్పమని నాన్నగారు ఫోన్లో అడిగారు. ఒంట్లో బలం, మనసులో మెలకువ అంటూ బాగానే లాక్కొచ్చాను. చివర్లో "మోరల్లీ స్ట్రెయిట్" వచ్చింది. "ఋజువర్తన నాన్నా" అన్నాను. "దేనికమ్మా రుజువు?" అన్నారాయన.

నిఘంటుపురుగు:
మీ నాన్నగారి చెవిది తప్పేం లేదు. ఋజు సంస్కృతం, వంకర లేనిదని. రుజువు అరబ్బీ "రుజూ" నుంచి కచేరీల మీదుగా మనకొచ్చింది. కన్నడంలో రుజు అంటే ఇప్పటికీ సంతకమే. "ఋజువైంది" అని ఋ పెట్టి రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క అక్షరం మీద పదిహేనేళ్లుగా పోరాడుతున్నాను.

ఛందోభంగం:
పదిహేనేళ్ల పోరాటాన్ని గౌరవిస్తూనే ఒక మాట. వంకర లేదని తేల్చడమే కదా రుజువు చేయడం? అర్థం అంత చక్కగా అతుకుతుంటే అరేబియా దాకా ఎందుకు పోవడం?

నిఘంటుపురుగు:
అర్థం అతికినంత మాత్రాన వ్యుత్పత్తి అవదండి.

సీదాసాదా (హైదరాబాద్):
మా దగ్గర ఆటో అన్నకు "సీదా పో" అంటం. మంచోణ్ని "సీదా మనిషి" అంటం. రెండింటికీ ఒకటే మాట, ఇంగ్లీషులో ఉన్నట్టే. ఋ గొడవే లేదు.

గోదారిగట్టు:
మాకు "తిన్నగా" ఉంది కదండీ. తిన్నగా వెళ్లి ఎడం పక్కకు తిరగండి, అల్లరి మాని తిన్నగా ఉండు. దారికీ నడతకీ ఒకటే మాట. అసలు కన్నప్పకు తిన్నడన్న పేరు అందుకే వచ్చిందని నా అనుమానం. వంకర తెలియనివాడు, తిన్ననివాడు.

నిఘంటుపురుగు:
తమిళంలో ఆయన తిణ్ణన్. "తిణ్" అంటే గట్టి, దృఢం. ఎత్తుకోలేనంత బరువుగా పుట్టాడని వాళ్ల పురాణమే చెబుతోంది. ణ్ణ తెలుగులోకి వస్తే న్న అవుతుంది. నిటారుకీ దానికీ సంబంధం లేదు.

మాస్టారు (రిటైర్డ్):
పురుగుగారూ, ధూర్జటి తెలుగువాళ్ల కోసం రాశాడు. తెలుగువాడి చెవికి తిన్నడంటే ఏం వినిపిస్తుందో ఆయనకు తెలియదా? ఉడుమూరు బోయపిల్లాడు నోటితో నీళ్లు తెచ్చి పోశాడు, మాంసం పెట్టాడు, గురుతు కోసం స్వామి కంటి మీద చెప్పుకాలు పెట్టాడు. పూజారి లెక్కలో ఇంతకన్నా వంకర ఏముంటుంది? అయినా స్వామి లోపలికి రానిచ్చింది వాణ్నే. శతకంలోనూ అదే అడిగాడు, "చెంచే మంత్ర మూహించె" అని. ఆ పద్యం అందుకుంటే నేను ఆగలేను, ఆపేస్తున్నాను.

వకీల్_సాబ్:
మీరు న్యాయం జరిగిన ఊళ్లోనే ఉన్నారు పలకగారూ, జరగని ఊళ్లో అన్నా తప్పులేదు. ఈ రెండు మాటల మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జేమ్స్ డేల్ మీ న్యూజెర్సీ వాడే, ఈగిల్ స్కౌట్ (వాళ్లలో అన్నిటికన్నా పై మెట్టు), అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్. 1990లో అతను గే అని పత్రికలో చూసి బాయ్ స్కౌట్స్ సంస్థ తీసేసింది. ప్రమాణంలో మోరల్లీ స్ట్రెయిట్ అని ఉంది, స్కౌట్ ధర్మాల్లో క్లీన్ అని ఉంది, కాబట్టి గే పనికిరాడని సంస్థ వాదన. రాష్ట్ర సుప్రీంకోర్టు 1999లో డేల్ పక్షం, 2000లో పై కోర్టు 5–4తో సంస్థ పక్షం. తీర్పు రాసిన రెన్‌క్విస్ట్, ఈ మాటల అర్థం వాటంతట అవే చెప్పవన్నాడు. ఒప్పుకోని స్టీవెన్స్, ఈ రెండు మాటల్లో స్వలింగ సంపర్కం ఊసే లేదన్నాడు.

నిఘంటుపురుగు:
ఇది కదా అసలు విషయం! ఆ ప్రమాణం 1911 నాటిది. స్ట్రెయిట్ అంటే "గే కానివాడు" అన్న అర్థం అచ్చులోకి ఎక్కింది 1940ల్లో. తాతయ్య మాటకు మనవడి అర్థం తగిలించి పిల్లల్ని గెంటేశారన్నమాట.

ఛందోభంగం:
ఋజువర్తనకు రుజువు అడిగారు. మీ రెండు మాటలూ ఒకచోట చేరాయి, సంతోషమేనా?

చీమలపుట్ట:
వకీలుగారూ, "స్వలింగ సంపర్కం" అన్నారు, అదీ చర్చించాల్సిన మాటే. మనిషిని పడకగదిలోకి తోసేసే మాట అది. పెళ్లయినవాళ్లని "భిన్నలింగ సంపర్కులు" అని పరిచయం చేస్తామా? 2018 సెప్టెంబర్ 6న, గే సంబంధాల్ని నేరమన్న సెక్షన్ 377 మీద తీర్పొచ్చిన మర్నాడు కూడా చాలామంది అదే మాట రాశారు. నేను గే అనే రాస్తాను. తెలుగు లిపిలో రెండక్షరాలు... కాదు, ఒక్కటే.

వకీల్_సాబ్:
ఒప్పుకున్నాను. అలవాటుగా వచ్చేసింది.

పెదవి_విరుపు:
అంతా బాగుందండీ. కానీ ప్రైవేటు సంస్థ, వాళ్ల నియమాలు వాళ్లవి. కోర్టు చెప్పిందీ అదే కదా. నచ్చకపోతే వేరే సంఘం పెట్టుకోవచ్చు.

వకీల్_సాబ్:
చట్టం చెప్పింది అదే. చట్టం ఒప్పుకున్న ప్రతిదీ చేసి తీరాలని లేదుగా. గెలిచినవాళ్లే 2013లో ఓటు పెట్టి, 2014 జనవరి నుంచి గే పిల్లల్ని రానిచ్చారు. 2015లో పెద్దల మీద నిషేధమూ తీశారు. ప్రమాణంలో ఒక్క అక్షరం మార్చలేదు. స్ట్రెయిట్ అలాగే ఉంది.

పెదవి_విరుపు:
దేవుడు కూడా అలాగే ఉన్నాడు.

వకీల్_సాబ్:
ఉన్నాడు. దేవుణ్ని నమ్మనని చెప్పిన ఏడేళ్ల పిల్లాణ్ని చేర్చుకోని కేసు ఇల్లినాయ్‌లో నడిచింది. 1993లో అప్పీల్ కోర్టు సంస్థనే సమర్థించింది. విచిత్రం, అదే ఏడాది అమెరికా గర్ల్ స్కౌట్స్ ఆ మాట చోట ఎవరికి తగ్గది వాళ్లు చెప్పుకోవచ్చన్నారు. బ్రిటన్ స్కౌట్లు 2014 నుంచి నమ్మనివాళ్ల కోసం వేరే ప్రమాణమే పెట్టారు.

మాస్టారు (రిటైర్డ్):
నమ్మనివాడంటే ఎవరో ముందు తేల్చండి. "అస్తి నాస్తి దిష్టం మతిః" అన్నాడు పాణిని. అస్తి అనుకునేవాడు ఆస్తికుడు. ఏది ఉందని? సూత్రంలో లేదు. ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశిక వచ్చి పరలోకం అంది. మనువు "నాస్తికో వేదనిందకః" అన్నాడు. ఇద్దరూ దేవుడి పేరెత్తలేదు. వేదాన్ని నమ్మిన మీమాంసకుడు కుమారిలభట్టు సృష్టికర్త లేడని గట్టిగా వాదించాడు, అయినా ఆస్తికుడే. ఆయనొచ్చి అప్లికేషన్ పెడితే ఏ పెట్టెలో టిక్కు పెడతారు?

గోదారిగట్టు:
గజేంద్రుణ్ని కూడా అడగాలి మాస్టారూ. "కలడు కలం డనెడివాడు కలడో లేడో" అన్న క్షణంలో ఆయన ఫారం నింపితే?

మాస్టారు (రిటైర్డ్):
అమ్మాయ్, ఆ "లేడో" సందేహం కాదు, ఆక్రోశం. చివరి ఓకారం ఎంతసేపు సాగుతుందో చూడు. మొసలి కాలు పట్టుకున్నవాడి గొంతుతో చదవాలి.

గోదారిగట్టు:
ఓకారం సందేహార్థకమేనండి. పోతన రెండూ తెలిసే పెట్టాడు. అలా అడిగినందుకు విష్ణువు రాకుండా ఆగలేదు కూడా.

కృష్ణలంక:
ఈ చర్చలో నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి పేరు ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను. నాస్తికుడని 1933లో కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం పోయింది. అలాంటాయన్ని గాంధీజీ కూర్చోబెట్టుకుని మాట్లాడారు. "దేవుడే సత్యం" అన్న మాటను గాంధీజీ అంతకు ముందే "సత్యమే దేవుడు"గా తిప్పుకున్నారు. సత్యాన్ని నాస్తికుడూ కాదనలేడని ఆయన లెక్క.

పూర్వ_స్కౌట్‌మాస్టర్:
పలకగారి ప్రశ్న అందరూ మరిచిపోయారు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నియమాల్లో ప్రమాణం కింద చిన్న గమనిక ఉంది. ఇష్టమైతే "గాడ్" బదులు "ధర్మ" అనవచ్చని. మేం పిల్లలకు రెండూ నేర్పేవాళ్లం. కాబట్టి మీ ఖాళీలో ఏదైనా ఉండొచ్చు.

నిఘంటుపురుగు:
ధర్మమూ దేవుడూ ఒకదానికొకటి సరిపోతాయా? ధృ ధాతువు...

పలకా_బలపం:
పురుగుగారూ, ఒక్క నిమిషం.

నేను అసలు చెప్పాలనుకున్నది మొదట్లో చెప్పలేదు. పోయిన వారం మీటింగ్‌లో పిజ్జా డబ్బాలు పట్టుకుని వెనక నిలబడ్డాను. మా వాడి పక్కన వాడి దోస్తు, బెజవాడ పటమట నుంచి వచ్చినవాళ్ల అబ్బాయి. మూఢనమ్మకాలు పోవాలని తాతగారు నిప్పుల మీద నడిచి చూపించినాయన. అందరూ ప్రమాణం చెబుతున్నారు. "గాడ్" దగ్గర ఆ పిల్లాడి పెదాలు టక్కున మూసుకున్నాయి. "కంట్రీ" దగ్గర మళ్లీ తెరుచుకున్నాయి. వాడి మూడు వేళ్లు మాత్రం దించలేదు. నేను చూశానని వాడికి తెలిసింది. మిగతా మీటింగంతా నావైపు చూడలేదు. పిజ్జా కూడా తీసుకోలేదు. నేనెవరికీ చెప్పను. కానీ చెప్పకుండా దాచాల్సిన పని పదకొండేళ్ల వాడికి ఎందుకు పెట్టాలి? "ధర్మ" అన్న గమనిక లాంటిది ఇక్కడా ఉంటే వాడు నోరు తెరిచి చెప్పేవాడు కదా అనిపించి, మా స్కూల్లో ఏమనేవాళ్లమో గుర్తుకు తెచ్చుకోబోయాను.

సీదాసాదా:
అక్కా, వచ్చే వారం ఆ పిల్లగానికి ముందే ఒక ముక్క తీసి పెట్టు.

కృష్ణలంక:
నేనూ తొంభైల్లో స్కౌట్‌నే. మా స్కూల్లో ఆ మాట దగ్గర ఏముండేదో నిజంగా తెలియదు. సారు ముందు చెప్పేవారు, మైకు సరిగ్గా అక్కడే గరగరమనేది. అందరం ఏదో గొణిగి "దేశం పట్ల" దగ్గర గట్టిగా అందుకునేవాళ్లం.

నిఘంటుపురుగు:
తిణ్ణన్ సంగతి ఇంకా తేలలేదని మనవి.