పెద్దవాళ్లకి వైరు లేని వాక్యూమ్ క్లీనర్: ఏది చూసి కొనాలి?

పర్లాకిమిడి_గచ్చు
అమ్మకి 72. మణికట్టు నొప్పి, నడుం వంగదు. హాల్లో టైల్సు, వెనక గదులు పాత గచ్చు, తివాచీలు లేవు. షాపువాళ్లేమో 20 వేల పాస్కల్స్, 30 వేల పాస్కల్స్ అంటూ అంకెలు చెప్తన్నారు. దేన్ని బట్టి కొనాలి?

బరంపురం_రిపేరు
పాస్కల్స్ సంగతి వదిలీండి. అది గొట్టం మూతి మూసేసి కొలిచిన లాగుడు. దుమ్ము కదలాలంటే గాలి పారాలి, ఆ అంకె పెట్టె మీద చాలామంది వెయ్యరు. టైల్సుకీ గచ్చుకీ మధ్యరకం లాగుడు సరిపోద్ది.

మీరు చూడాల్సింది చేతి బరువు. పెట్టె మీద 2.5 కిలోలని ఉంటాది. కానీ మోటారు, బ్యాటరీ, చెత్త డబ్బా మూడూ పిడి దగ్గరే ఉన్న రకమైతే అందులో సగానికి పైగా మణికట్టు మీదే. గొట్టం, బ్రష్షు ఊడదీసి పై ముక్క ఒక్కటీ కాటా మీద పెట్టించండి. కిలోన్నర దాటితే ఆవిడకి వద్దు. మోటారు కింద నేల దగ్గరుండే రకాలూ ఉన్నాయి. చేతికి తేలిక, కాకపోతే మంచం కిందకి దూరవు.

రాయగడ_765001
బరువు తర్వాత స్విచ్చి. కొన్నిటికి తుపాకీలా మీట ఉంటాది, నొక్కి పట్టుకున్నంతసేపే నడుస్తాది, వేలు తీస్తే ఆగిపోద్ది. నొప్పులున్న చేతికి అది శిక్షే. ఒకసారి నొక్కితే నడిచి, మళ్లీ నొక్కితే ఆగేదే తీసుకోండి. లేదా మీటకి లాక్ ఉందేమో చూడండి.

“60 నిమిషాలు నడుస్తాది” అంటే నమ్మకండి, లెక్క కట్టండి. 25.2 వోల్టులు, 2.5 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే, రెండూ గుణిస్తే 63 వాట్ అవర్లు, అంటే 63 వాట్లు లాగితే గంట నడుస్తాది. పెద్ద స్పీడులో 400 వాట్లు లాగితే తొమ్మిది నిమిషాలకే అయిపోద్ది. చిన్న స్పీడులో 90 వాట్లైతే 40 నిమిషాలు. రెండు మూడు గదులకి చిన్న స్పీడు చాలు.

ఏటి_గట్టు
వైరున్నది సగం ధరకే వస్తాది కదా, ఈ బాధంతా ఎందుకు?

బరంపురం_రిపేరు
@ఏటి_గట్టు, 72 ఏళ్ల మనిషి కాళ్ల మధ్య వైరు పడుండడం కంటే చీపురే నయం బాబూ. పైగా గదిగదికీ ప్లగ్గు మార్చాలి, మన పాత ఇళ్లలో సాకెట్లన్నీ మంచాల వెనకే.

జయపురం_ఎర్రమట్టి
ఇటు కొరాపుట్ వైపు ఎర్రమట్టి ధూళి మెత్తటి పిండిలా ఉంటాది. దానికి ముందు పాడయ్యేది ఫిల్టరు. లాగుడు తగ్గిందంటే నూటికి తొంభై సార్లు మోటారు తప్పు కాదు. కడగొచ్చు అని రాసున్న ఫిల్టరే కొనండి, రెండోది కూడా అప్పుడే తీసుకోండి. ముందు గోడకి తట్టి దులిపి, తర్వాత సబ్బు లేకుండా చన్నీళ్లతో కడగాలి. నీడన 24 గంటలు, వానాకాలంలో రెండ్రోజులు ఆరాలి. తడి ఫిల్టరు బిగిస్తే కంపు కొడతాది, మోటారుకీ ముప్పే.

ముగ్గుపిండి, సున్నం పొడి దీంతో లాగొద్దు, ఒక్కపూటలో ఫిల్టరు పూడిపోద్ది. సాంబ్రాణి బూడిద అసలే వద్దు, లోపల నిప్పు కణిక ఉన్నా కనబడదు. తడి నేల మీదా వద్దు.

గుణుపురం_చీపురుకట్ట
డబ్బా ఖాళీ చెయ్యడం ఎవరూ చెప్పలేదు. అమ్మగారిని షాపుకి తీసుకెళ్లి ఆవిడ చేతనే తెరిపించండి. బొత్తాం నొక్కితే అడుగు మూత ఊడే రకం సులువు. గట్టిగా మీట లాగాల్సిన రకం, మెలితిప్పి ఊడదీసే రకం పనికిరావు. సంచీ లోపల పెట్టి తెరిస్తే దుమ్ము మొహాన పడదు. గీత వరకూ నిండకముందే పారబొయ్యాలి.

బ్రష్షు విషయం: గట్టి కుచ్చులున్నది గచ్చు మీద నూకల్ని వెనక్కి చిమ్ముతాది. మెత్తటి గుడ్డ రోలరు అడగండి. జుట్టు చుట్టుకుంటే బ్రష్షు తిరగదు. ముందు బ్యాటరీ తీసేసి, రోలరు పొడుగునా కత్తెరతో కత్తిరించి లాగెయ్యాలి.

పర్లాకిమిడి_గచ్చు
మోగుతూ ఆగుతూ, మోగుతూ ఆగుతూ ఉంటే ఏటి అర్థం అన్నా? షాపులో చూపించడానికి పెట్టిన మిషను అలాగే చేసింది.

బరంపురం_రిపేరు
గాలి దారి మూసుకుపోయిందని. ఫిల్టరు, గొట్టం, బ్రష్షు మెడ, ఈ వరసలో చూడాలి. గొట్టం ఊడదీసి వెలుతురుకి ఎత్తి చూడండి, అడ్డముంటే కర్రతో తొయ్యండి. అదేమీ పెద్ద రోగం కాదు.

బ్యాటరీ బొత్తాంతో ఊడేదే కొనండి. రెండు మూడేళ్లకి అదే ముందు నీరసిస్తాది. స్క్రూలతో బిగించినదైతే మొత్తం మిషనే పంపాలి. కొత్త బ్యాటరీ దొరుకుతాదా, ఎంత అని బిల్లు కట్టకముందే అడగండి.

రాయగడ_765001
సర్వీసు కూడా అప్పుడే తేల్చుకోండి. మీ పర్లాకిమిడి ఒడిశా, ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. వారంటీ దేశమంతా ఒకటేనంటారు గానీ, మనిషి ఇంటికి రావడం పిన్‌కోడ్ మీద ఉంటాది. కంపెనీకి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ 761200 చెప్పి అడగండి, షాపువాడి మాట కాదు.

గుణుపురం_చీపురుకట్ట
గోడకి తగిలించే కొక్కెం ఆవిడ భుజం కంటే కిందే కొట్టించండి. చార్జింగు సాకెట్టు నడుం ఎత్తులో ఉండాలి, లేకపోతే రోజూ వంగాలి. గోడ సున్నం రాలిపోయే రకమైతే నేల మీద నిలబడే స్టాండు అడగండి, దాని అడుగు వెడల్పుగా ఉండాలి.