డూలిన్‌లో అత్తయ్య, మామయ్యలతో రెండు రాత్రులు: బి అండ్ బి ఎలా ఎంచుకోవాలి?

లిఫీ_ఒడ్డు

జూన్ మొదటి సోమవారం సెలవు కలిసొచ్చే వారాంతంలో డబ్లిన్ నుంచి ఐర్లాండ్ పశ్చిమాన ఉన్న క్లేర్ తీరానికి వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, నాలుగేళ్ల పాప, ఏలూరు నుంచి వచ్చే అత్తయ్య, మామయ్య. శుక్రవారం, శనివారం రాత్రులు డూలిన్ ఊళ్లో ఒక బి అండ్ బిలో (ఇంట్లోనే గదీ, పొద్దున టిఫినూ ఇచ్చే బస) ఉండాలి. క్లిఫ్స్ ఆఫ్ మోహర్ (సముద్రం మీదికి నిలువుగా ఉండే కొండ అంచులు) ఒకరోజు, పడవలో ఇనిషీర్ దీవి ఒకరోజు. కారు ఉంది.

అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మెట్లు కష్టం. ఇద్దరూ శాకాహారులు, మామయ్య గుడ్డు కూడా ముట్టరు. బుకింగ్ సైట్లో డూలిన్ అని కొడితే పేజీలకు పేజీలు వస్తున్నాయి. అన్నిటికీ తొమ్మిదికి పైనే రేటింగ్, అన్నీ ‘ఊరికి దగ్గరే’. దేన్ని చూసి ఎంచుకోవాలి? ఒక ఇంటి సొంత వెబ్‌సైట్లో ధర పక్కన పి.పి.ఎస్ అని ఉంది, అదేంటి?

బర్రెన్_రాయి

చిన్న ప్రశ్న ముందు. పి.పి.ఎస్ అంటే పర్ పర్సన్ షేరింగ్. ఇక్కడ ఉద్యోగాలు చేసేవాళ్లందరికీ ఉండే పి.పి.ఎస్ నంబరుకీ దీనికీ సంబంధం లేదు. ఇద్దరుండే గదిలో ఒక్కరికి పడే ధర అది. 55 యూరోలు అని ఉంటే గదికి 110. ఒక్కరే ఉంటే 55తో సరిపోదు, సింగిల్ సప్లిమెంట్ అని ఇంకొంత కలుపుతారు. బుకింగ్ సైట్లేమో గది మొత్తం ధర చూపిస్తాయి. రెండిట్నీ పక్కపక్కన పెట్టి చూసి, సగం ధరకే దొరికిందని సంబరపడతారు చాలామంది.

ఇక అసలు సంగతి. డూలిన్ ఒక్కచోట కుదురుగా ఉన్న ఊరు కాదు. ఫిషర్ స్ట్రీట్ ఒక ముక్క, రోడ్‌ఫర్డ్ ఇంకో ముక్క, మధ్యలో దాదాపు కిలోమీటరు. పడవల రేవు మూడోచోట, ఫిషర్ స్ట్రీట్ నుంచి కిలోమీటరు పైనే. ఫిషర్ స్ట్రీట్‌లో 1832 నాటి గస్ ఓకానర్స్ పబ్బు, రంగులేసిన దుకాణాల వరస. రోడ్‌ఫర్డ్‌లో మెక్‌గాన్స్, మెక్‌డెర్మట్స్. రాత్రి తిండైనా, పాటైనా ఎక్కువగా ఈ రెండు చోట్లే.

సైట్లో ‘డూలిన్’ పేరుతో కనిపించే ఇళ్లలో చాలావరకు ఈ రెండు ముక్కల్లోనూ ఉండవు. కొన్ని మోహర్ వైపు, కొన్ని లిస్డూన్‌వార్నా వైపు, పొలాల మధ్య ఉంటాయి. ‘రెండు నిమిషాల దూరం’ అంటే కారులో అని అర్థం. ఆ రోడ్లకు ఫుట్‌పాత్ ఉండదు, వీధి దీపం ఉండదు. రెండు పక్కలా రాతిగోడలు, ఎదురుగా కారొస్తే గోడకి అతుక్కుని నిలబడాల్సిందే. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది కాబట్టి పోయేటప్పుడు బాధ తెలీదు. పబ్బులో పాటలు మొదలయ్యేదే తొమ్మిదీ తొమ్మిదిన్నరకి. పదకొండింటికి చీకట్లో తిరిగి రావాల్సినప్పుడు తెలుస్తుంది.

అందుకని ఇంటి ఎయిర్‌కోడ్ అడగండి. అక్షరాలు, అంకెలు కలిపి ఏడు, అక్కడివి వి95తో మొదలవుతాయి. మన పిన్‌కోడ్ లాగా ఊరంతటికీ ఒకటి కాదు, ప్రతి ఇంటికీ దానిదే. అది మ్యాప్‌లో వేసి మెక్‌గాన్స్‌కి, ఓకానర్స్‌కి, రేవుకి నడక దూరం చూడండి. తర్వాత స్ట్రీట్ వ్యూలో ఆ దారి పొడవునా వెళ్లి ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిపోతోందో చూసుకోండి. అయిదు నిమిషాల పని, రేటింగులు చదవడం కంటే ఎక్కువ చెబుతుంది.

మెట్ల విషయం. ఇక్కడి బి అండ్ బిలలో చాలావరకు డార్మర్ బంగళాలు, అంటే పైకప్పు వాలు కిందే గదులు తీసిన ఇళ్లు. లిఫ్టు మాట మర్చిపోండి. కింద ఉన్న ఒకటి రెండు గదుల్లో ఒక్కోసారి ఇంటివాళ్లే ఉంటారు. సైట్లో మీరు బుక్ చేసేది ‘డబుల్ రూమ్’ అనే రకాన్ని, ఫలానా గదిని కాదు. కింది గది కావాలని రిక్వెస్ట్ పెట్టెలో రాసినా అది విన్నపమే, హామీ కాదు. ఇంటావిడకి నేరుగా ఫోన్ చేస్తే గది పేరు పెట్టి రాసిపెడుతుంది. ఆ గదికి అటాచ్డ్ బాత్రూమ్ ఉందా, వాకిట్లో ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, టిఫిన్ చేసే గది అదే అంతస్తులో ఉందా, ఈ నాలుగూ అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.

బ్యాంక్ హాలిడే వారాంతం కాబట్టి చాలా ఇళ్లు రెండు రాత్రులకు తక్కువైతే ఇవ్వవు, మీకు ఎలాగూ రెండు కావాలి. కింది గదులు ముందే అయిపోతాయి, ఆలస్యం చేయొద్దు.

పప్పన్నం_పార్టీ

తిండి సంగతి నేను చెబుతాను. ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్ ప్లేటులో సాసేజీలు, రాషర్లు (పంది మాంసం పలుచటి ముక్కలు, అంటే బేకన్), బ్లాక్ పుడింగ్, వైట్ పుడింగ్, గుడ్డు, టొమాటో, పుట్టగొడుగులు ఉంటాయి. బ్లాక్ పుడింగ్ పంది నెత్తురుతో చేస్తారు. వైట్ పుడింగ్‌లో నెత్తురు ఉండదు, కానీ పంది మాంసమే. పేరు చూసి స్వీటనుకుని తినేవాళ్లు ఉన్నారు, అత్తయ్యగారికి ముందే చెప్పండి.

‘వెజిటేరియన్ బ్రేక్‌ఫాస్ట్ ఉంది’ అన్నంత మాత్రాన సరిపోదు. టొమాటో, పుట్టగొడుగులు సాధారణంగా రాషర్లు వేగిన పెనంలోనే వేస్తారు. ‘వేరే పెనంలో, వెన్నతో గానీ నూనెతో గానీ’ అని స్పష్టంగా అడగండి. చాలామంది చేస్తారు, కానీ ముందురోజు సాయంత్రం చెప్పాలి. కొన్ని ఇళ్లలో రాత్రే టిక్ పెట్టే కాగితం ఇస్తారు, అందులో పక్కన రాయండి.

మామయ్యగారికి గుడ్డు లేకుండా అంటే ప్యాన్‌కేక్, ఫ్రెంచ్ టోస్ట్ పోయాయి. స్కోన్లు అనే చిన్న బన్నుల్లో గుడ్డు ఉండొచ్చు, కొన్ని వెజ్ సాసేజీల్లో కూడా గుడ్డు తెల్లసొన కలుస్తుంది. సోడా బ్రెడ్ మామూలుగా గోధుమపిండి, సోడా, ఉప్పు, మజ్జిగతోనే చేస్తారు, కొందరు గుడ్డు వేస్తారు కాబట్టి అడగండి. నమ్మకంగా పెట్టగలిగింది పారిడ్జ్, అంటే ఓట్స్ జావ. పాలతోనో నీళ్లతోనో చెబితే అలాగే చేస్తారు. కానీ కొన్నిచోట్ల ముచ్చటగా దాని మీద ఒక చెంచా విస్కీ పోస్తారు, అదీ ముందే వద్దనండి! దాంతోపాటు బ్రౌన్ బ్రెడ్, వెన్న, జామ్, బేక్డ్ బీన్స్, పండ్లు. ఉదయానికి ఇది చాలు.

రాత్రి పబ్బుల్లో ‘వెజిటబుల్ సూప్’ చాలాసార్లు చికెన్ స్టాక్‌తో చేస్తారు. చిప్స్ కూడా చేపలు వేగిన నూనెలోవే కావచ్చు. వంటగది ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా మూసేస్తారు, పబ్బు తెరిచే ఉన్నా తిండి ఉండదు. శుక్రవారం డబ్లిన్ నుంచి బయల్దేరి ఆలస్యమయ్యేలా ఉంటే ఆ పూటకి పులిహోరో, పెరుగన్నమో ఐస్ ప్యాక్ పెట్టిన సంచిలో తీసుకెళ్లండి. డూలిన్‌లో పెద్ద సూపర్‌మార్కెట్ లేదు. పెరుగు, పాలు, పండ్లు దారిలో ఎన్నిస్టైమన్‌లో కొనుక్కోవాలి.

గదిలో రైస్ కుక్కర్, ఇండక్షన్ పెట్టొద్దు. పొగ అలారం మోగితే ఇల్లంతా లేస్తుంది. టీ కెటిల్ ఉంటుంది, కప్పులో వేడినీళ్లు పోసి మూతపెట్టే ఉప్మా, అటుకులు దాంతో అయిపోతాయి. కెటిల్‌లో మాత్రం నీళ్లు తప్ప ఇంకేదీ పోయకండి. పాలు పోస్తే అడుగంటి, వాసన పోదు, డబ్బులు కట్టించుకుంటారు.

అలల_లెక్క

నాకైతే అసలు డూలినే ఎందుకు అనిపిస్తుంది. మోకాళ్ల నొప్పి, చిన్నపాప, శాకాహారం మూడూ కలిసి ఉన్నప్పుడు అదే తీరంలో ఉన్న లహించ్ ఊరు సుఖం. సముద్రం పక్కనే చదునైన ప్రామినాడ్ (నడక దారి), తినడానికి నాలుగు చోట్లు ఒకే వీధిలో, వీధి దీపాలు. అక్కణ్ణుంచి మోహర్ కారులో పావుగంట. డూలిన్ పేరు సంగీతంతో వచ్చింది, సాయంత్రం పబ్బులో కూర్చునే ఉద్దేశం లేకపోతే ఆ పేరుకి డబ్బు కట్టడం దండగ.

ఎక్కడ దిగినా పడవ శనివారమే పెట్టుకోండి. ఎండ కాస్తున్నా అట్లాంటిక్ పొంగు ఎక్కువుంటే పడవ ఆపేస్తారు. శనివారం ఆగితే ఆదివారం మిగిలి ఉంటుంది, మోహర్‌ని ముందుకు జరుపుకోవచ్చు. ఇనిషీర్ రేవులో గుర్రపు జట్కాలుంటాయి, నడక తప్పుతుంది. డూలిన్ నుంచి మోహర్ దాకా ఎనిమిది కిలోమీటర్ల కొండ అంచు నడక ఉందని ఎవరైనా ఊరిస్తే వినకండి. దారి కోసుకుపోయి కొన్ని భాగాలు మూసేస్తుంటారు, పెద్దవాళ్లకి ఎలాగూ కాదు. విజిటర్ సెంటర్ వైపు నుంచే వెళ్లండి.

పడవ పొద్దున్నదైతే బ్రేక్‌ఫాస్ట్ ఎన్నింటికని అడగడం మర్చిపోవద్దు. ఎనిమిదిన్నరకి మొదలుపెట్టే ఇళ్లున్నాయి. రేవులో అరగంట ముందుండాలి.

ఇంకో మాట. గాల్వే వైపు నుంచి వస్తే బాలీవాన్, లిస్డూన్‌వార్నాల మధ్య ఎన్67 మీద కార్క్‌స్క్రూ హిల్ అని పాము మెలికల రోడ్డు వస్తుంది. పాపకి కారులో వాంతులయ్యే అలవాటుంటే ఎన్నిస్ మీదుగా రండి.

బర్రెన్_రాయి

లహించ్ మాట ఒప్పుకుంటాను, కాకపోతే పడవ డూలిన్ రేవు నుంచే. పొద్దున్నే పాపని లేపి, అందర్నీ కారెక్కించి రావాలి. రోడ్‌ఫర్డ్‌లో ఫుట్‌పాత్ పక్కన కింది గది దొరికితే డూలిన్, దొరక్కపోతే లహించ్. నా లెక్క అంతే.

లిఫీ_ఒడ్డు

అందరికీ థాంక్స్ అండీ. రోడ్‌ఫర్డ్‌లో ఒక ఇంటికి ఫోన్ చేశాను. కింద ఒక ట్విన్ గది (రెండు విడి మంచాలది), పైన ఒక ఫ్యామిలీ రూమ్ ఉన్నాయట. కింది గదికి ‘ప్రైవేట్ బాత్రూమ్’ అంది, ఎన్‌స్వీట్ అనలేదు. ఫోటోలో షవర్ కింద టబ్బు కనిపిస్తోంది. తీసుకోమంటారా? చెక్‌ఇన్ నాలుగు నుంచి ఆరున్నర అట, మేం చేరేసరికి ఎనిమిదవుతుంది.

తూము_లేని_బాత్రూమ్

ఎన్‌స్వీట్ అంటే గదిలోంచే తలుపు. ప్రైవేట్ బాత్రూమ్ అంటే మీ ఒక్కరిదే, కానీ గది బయట, నడవాలో. తాళం చెవి మీకిస్తారు. రాత్రిపూట రెండుమూడు సార్లు లేచే వయసు కాబట్టి నడవా దీపం స్విచ్ ఎక్కడుందో చూసుకోవాలి, అంతకు మించి ఇబ్బంది లేదు.

టబ్బే అసలు సమస్య. దాని అంచు మోకాలంత ఎత్తుంటుంది, లోపలికి కాలు ఎత్తి వేయాలి, లోపల జారుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి మెట్ల కంటే అదే ప్రమాదం. ఇంకో బాత్రూమ్‌లో విడిగా షవర్ క్యూబికల్ ఉందా, దాని అంచు ఎంత ఎత్తు అని అడగండి. లేదంటే వద్దనే చెబుతాను.

చెక్‌ఇన్‌కి భయపడక్కర్లేదు. అక్కడ రిసెప్షన్ ఉండదు, ఇంటావిడే కూర్చుని ఎదురుచూస్తుంది, అందుకే ఆ టైము పెడతారు. ఎనిమిదికని ఈరోజే చెప్పండి, బయల్దేరాక ఒక మెసేజ్ పెట్టండి. చెప్పకుండా ఆలస్యమైతే రాలేదనుకుని గది వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు. కార్డు తీసుకుంటారో లేదో కూడా అడగండి, కొన్ని ఇళ్లలో ఇంకా నగదే.

షవర్ ఎలా పనిచేస్తుందో పెద్దవాళ్లకి మీరే ఒకసారి చూపించండి. చాలాచోట్ల గోడకి తెల్ల డబ్బా లాంటి ఎలక్ట్రిక్ షవర్ ఉంటుంది. మన గీజర్‌లా నీళ్లు నిలవపెట్టి కాచేది కాదు, పారుతున్న నీటిని అప్పటికప్పుడు వేడిచేస్తుంది. దానికి కరెంటు పైకప్పు నుంచి వేలాడే తాడు లాగితేనే వస్తుంది, ఎర్ర దీపం వెలగాలి. కొన్ని ఇళ్లలో ఆ స్విచ్ తలుపు బయట ఉంటుంది. తాడు లాగకుండా నాబ్ తిప్పితే చన్నీళ్లే. వేడి చాలకపోతే ధార తగ్గించాలి. ఎక్కువ ధార పెడితే అంత నీటిని కాచే శక్తి దానికి లేదు.

బకెట్, మగ్గు ఉండవు, హెల్త్ ఫాసెట్ ఉండదు, ఒక ప్లాస్టిక్ మగ్గు తీసుకెళ్లండి. కానీ షవర్ బయట బాత్రూమ్ నేలకి తూము ఉండదు. మనలాగా నేల మీద నీళ్లు పోస్తే అవి పోయే దారి లేక మూలల్లోంచి దిగి, పై అంతస్తైతే కింది గది పైకప్పు మీద మరకై తేలతాయి. ఏం చేసినా షవర్ లోపలే, తెర టబ్బు లోపలికి వేసుకుని.

రాత్రి చలి సంగతి. జూన్ మొదట్లో కూడా అక్కడ పది డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుంది. హీటింగ్ టైమర్ మీద నడుస్తుంది, పడుకునే వేళకి ఆగిపోతుంది. అత్తయ్యగారి గదిలో ఇంకో డూవే (మందపాటి బొంత) పెట్టించండి, రేడియేటర్ పక్కనున్న నాబ్ సున్నా మీద లేదు కదా చూడండి.

లిఫీ_ఒడ్డు

అడిగాను. కింద అదే ఒక్కటి బాత్రూమ్, టబ్బే. వదిలేశాను. లహించ్‌లో రెండు ఇళ్లకి, రోడ్‌ఫర్డ్‌లో ఇంకో ఇంటికి ఈమెయిల్ పెట్టాను. షవర్ అంచు ఎత్తు ఎన్ని అంగుళాలని అడిగితే ఒకావిడ టేపుతో కొలిచి ఫోటో పంపింది, నాలుగు అంగుళాలు.

బర్రెన్_రాయి

అదే తీసుకోండి. క్యాన్సిలేషన్ ఎన్ని రోజుల ముందు దాకా ఉచితమో కనుక్కుని అడ్వాన్స్ కట్టండి.