రోజుకి ఆరేడు మెషీన్లు, విండోస్ ఎక్కించేలోపే పొద్దు పోతాంది, మీరెట్లా మేనేజ్ చేస్తున్నారు?

మారతహళ్ళి రిపేర్

అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్ళిలో చిన్న కంప్యూటర్ సర్వీస్ షాపు నాది, నేనూ ఒక హెల్పర్ పిల్లోడూ, ఇద్దరమే. మాది కదిరి సైడు, వచ్చేవాళ్ళలో సగంమంది మన తెలుగోళ్ళే, పీజీల్లో ఉండే పిల్లలు, ఒకట్రెండు ఆడిటర్ ఆఫీసులు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయిన కాడ్నించి రోజూ ఇదే పని, "అన్నా విండోస్ లెవెన్ వేసివ్వు, సాయంత్రానికి కావాలి" అంటారు. ఇన్‌స్టాల్ అయితే ఇరవై నిమిషాల్లో అయిపోతాది, ఆ తర్వాత మొదలయితాది అసలు కథ, వైఫై డ్రైవర్ ఉండదు, అది వేస్తే అప్‌డేట్లు దిగడం స్టార్ట్, రీస్టార్ట్, మళ్ళీ అప్‌డేట్, ఒకేసారి నాలుగు లాప్‌టాప్‌లు పెడితే నెట్ మొత్తం పాకుతాది. నిన్న రాత్రి పదకొండుకి షట్టర్ వేసినా, ఇంకా రెండు మెషీన్లు "37 శాతం" అని తిరుగుతానే ఉన్నాయి.

ఒకాయన చెప్పాడు, ఒక మెషీన్‌లో అన్నీ సెట్ చేసి ఇమేజ్ (డిస్క్ మొత్తానికి అచ్చు కాపీ) తీసి అన్నింటికీ అదే కొట్టేయ్ అని. నిజంగా వర్కవుట్ అయితాదా?

ఎస్పీ రోడ్ పాతకాపు

తమ్ముడూ, ఇమేజ్ కొట్టే పద్ధతి తప్పని కాదు గానీ నీ షాపుకి కాదు. ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్ళు ఒకే మోడల్ ముప్పై సిస్టమ్‌లు తెచ్చారనుకో, అప్పుడు ఒకదాన్ని రెడీ చేసి విండోస్‌లో ఉండే సిస్‌ప్రెప్ టూల్‌లో జనరలైజ్ కొట్టి (ఆ ఒక్క మెషీన్ గుర్తులు తీసేస్తుంది) క్లోన్‌జిల్లా అనే డిస్క్ కాపీ సాఫ్ట్‌వేర్‌తో మిగతావాటికి వేసుకో, మధ్యాహ్నానికల్లా ఖాళీ. నీకు వచ్చేవి ఒకటి డెల్, ఒకటి హెచ్‌పీ, ఇంకోటి అసెంబుల్డ్. ఒక్కోదానికి ఒక్కో డ్రైవరు, ఒక్కో లైసెన్సు, దానికి హోమ్ ఉంటే దీనికి ప్రో. ఇమేజ్ వేసి ఆనక సరిచేసుకునే టైమ్‌లో రెండు ఫ్రెష్ ఇన్‌స్టాల్స్ అయిపోతాయి.

నీకు టైమ్ పోయేది ఇన్‌స్టాల్ ముందూ వెనకా. నేను చేసేది చెప్తా. మెషీన్ ఆన్ అయ్యే కండిషన్‌లో ఉంటే, ఫార్మాట్ కొట్టే ముందే విండోస్‌లోనే ఉండే పీఎన్‌పీయుటిల్ కమాండ్‌తో ఉన్న డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసేస్తా, దాన్ని కస్టమర్ పేరుతో నా డ్రైవ్‌లో పెట్టుకుంటా. కొత్త ఓఎస్ ఎక్కాక అదే కమాండ్‌తో తిరిగి యాడ్ చేస్తే వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్ ఒకేసారి వచ్చేస్తాయి, వైఫై డ్రైవర్ కోసం ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకునే ఖర్మ ఉండదు. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి వచ్చిన చాలా లాప్‌టాప్‌ల్లో సెటప్‌లో అసలు డిస్కే కనపడదు, హార్డ్ డిస్క్ పోయిందని కంగారు పడొద్దు, ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్‌కి కావాల్సిన వీఎండీ డ్రైవర్ లోడ్ చేస్తే కనపడుతుంది, ఆ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉండాలి.

ఇక అప్‌డేట్లు. పాత ఐఎస్ఓతో (విండోస్ ఇన్‌స్టాలర్ ఫైలు) ఎక్కించి నెలల అప్‌డేట్లు నెట్ నుంచి దింపడమే నీ రోగం. ప్రతి నెలా రెండో మంగళవారం రాత్రి మనకి కొత్త క్యుములేటివ్ అప్‌డేట్ (పాతవి కూడా కలిపిన ప్యాకెట్) వస్తుంది, అది మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ సైట్ నుంచి ఒక్కసారి దింపుకుని డిస్మ్ అనే విండోస్ కమాండ్‌తో ఐఎస్ఓలో అసలు విండోస్ ఉండే ఇన్‌స్టాల్ డాట్ విమ్ ఫైల్లోకి కలిపేయ్. లెవెన్‌లో 24హెచ్2 వెర్షన్ నుంచి చెక్‌పాయింట్ అప్‌డేట్ (కొత్తదానికంటే ముందు ఎక్కాల్సింది) అని కూడా ఉంటుంది, రెండు ఫైళ్ళూ ఒకే ఫోల్డర్‌లో పెడితేనే ఎక్కుతుంది, నేను మొదట్లో ఒకటే పెట్టి గంటసేపు ఎర్రర్ కేసి చూస్తా కూర్చున్నా. కలిపాక విమ్ ఫైలు 4 జీబీ దాటిపోతుంది, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో పట్టదు, డిస్మ్‌తోనే ముక్కలు చేసుకో, లేదంటే వెంటాయ్ అనే బూట్ పెన్‌డ్రైవ్ టూల్ వాడు, ఐఎస్ఓలు అలాగే కాపీ చేసుకోవచ్చు.

ఇంకోటి, సెట్టింగ్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ లోకల్ నెట్‌వర్క్‌కి ఆన్ చేసి పెట్టు, షాపులో ఒక పీసీ అప్‌డేట్ అయ్యుంటే పక్కవాటికి అదే ఇస్తుంది, నెట్ మీద బరువు తగ్గుతుంది.

రిచీ స్ట్రీట్ మూల

చెన్నై నుంచి. పాతకాపు గారు చెప్పినదంతా కరెక్టే గానీ నేను కాళ్ళు కాల్చుకున్న చోటు ఒకటుంది. బిట్‌లాకర్, అంటే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి విండోస్ వేసే తాళం. పోయిన వేసవిలో ఒకామె లాప్‌టాప్ తెచ్చింది, "స్లో అయి ఆగిపోయింది, ఫోటోలు మాత్రం పోకూడదు" అంది, విండోస్ బూట్ కావట్లేదు, సరే డిస్క్ తీసి ఇంకో మెషీన్‌కి తగిలించి కాపీ చేద్దామని చూస్తే తాళం గుర్తు, 48 అంకెల కీ అడిగింది. ఆమెకి కీ అంటే ఏంటో కూడా తెలియదు, "నేనేం లాక్ పెట్టలేదండీ" అంటుంది, నిజమే, పెట్టింది ఆమె కాదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలా లాప్‌టాప్‌ల్లో దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, కీ ఆ అకౌంట్‌లోనే దాస్తుంది. ఆమె అకౌంట్ వాళ్ళ అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నప్పుడు క్రియేట్ చేసింది, అతను ఇప్పుడు బయట దేశంలో, రాత్రి పన్నెండుకి వీడియో కాల్‌లో ఓటీపీ చెప్తే అప్పటికి కీ దొరికింది. అప్పట్నించీ మెషీన్ చేతిలోకి తీసుకోగానే కౌంటర్ దగ్గరే, కస్టమర్ ఎదురుగా ఉండగానే కీ తీయించి రసీదు వెనక రాయిస్తా. వాళ్ళు వెళ్ళిపోయాక ఫోన్ ఎత్తరు.

మారతహళ్ళి రిపేర్

అన్నా ఇద్దరికీ థ్యాంక్స్. డ్రైవర్ ఎక్స్‌పోర్ట్ ఇవాళ రెండిట్లో చేసి చూసినా, సూపర్. అన్‌అటెండెడ్ ఫైల్ అంటారు కదా, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టకుండా అదే మొత్తం చేసేసేది, అది కూడా పెట్టుకోవచ్చా?

ఎస్పీ రోడ్ పాతకాపు

పెట్టుకో, భాష, కీబోర్డు, ప్రైవసీ ప్రశ్నలు అన్నీ అదే దాటేస్తుంది. కానీ డిస్క్ చెరిపే భాగం మాత్రం దాంట్లో పెట్టొద్దు, ఎన్నిసార్లయినా చెప్తా. ఎస్ఎస్‌డీ, పాత హార్డ్ డిస్క్ రెండూ ఉన్న మెషీన్‌లో డిస్క్ జీరో (లిస్టులో మొదటి డిస్క్) ఏదో నీకు ముందే తెలియదు, ఒక్కోసారి అది హార్డ్ డిస్కే అవుతుంది. ఆ ఫైల్ "జీరో చెరిపెయ్" అని ఉంటే అడగకుండా చెరిపేస్తుంది. డిస్క్ ఎంచుకునే స్క్రీన్ దగ్గర ఆగనీ, సైజు చూసి నువ్వే నొక్కు.

ఆడిటర్ ఆఫీసులకైతే ఫార్మాట్ మాటే ఎత్తకు. విండోస్ ఆన్‌లో ఉండగానే ఐఎస్ఓ తెరిచి సెటప్ రన్ చేసి ఫైళ్ళూ యాప్స్ ఉంచమని ఎంచుకుంటే టాలీ, ప్రింటర్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్లు అన్నీ అలాగే ఉంటాయి. ముందు టాలీ డేటా ఫోల్డర్ కాపీ తీసుకోవడం మాత్రం మానకు. మార్చి నెలాఖర్లో అయితే అసలు ముట్టుకోనే వద్దు సామీ, ఏప్రిల్‌లో రమ్మను.

వైట్‌ఫీల్డ్ లినక్స్ బావ

ఎవ్వరూ చెప్పలేదు గానీ అన్నిటికంటే ముందు డిస్క్ కండిషన్ చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఓపెన్ చేసి చూడండి బ్రో. పసుపు రంగు చూపిస్తే విండోస్ వేసి లాభం లేదు, పది రోజుల్లో తిరిగొస్తాడు, "నువ్వేసిన విండోస్‌తోనే పాడైంది" అంటాడు.

పాత 6, 7 జనరేషన్ మెషీన్లకి అడ్డదారిలో లెవెన్ ఎక్కించడం కుదురుతుంది, కానీ సపోర్ట్ లిస్టులో ఉండేవి ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్ నుంచే, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా కావాలి. లేనివాటికి ఎక్కిస్తే రేపు అప్‌డేట్ రాకపోతే కస్టమర్ పట్టుకునేది మిమ్మల్నే. విండోస్ టెన్ 22హెచ్2 వెర్షన్ ఉంటే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేర్చండి, సెట్టింగ్స్ బ్యాకప్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, 2026 అక్టోబర్ 13 దాకా లాగించొచ్చు. బ్రౌజర్, యూట్యూబ్ తప్ప ఏమీ వాడనివాళ్ళకి లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఫ్రీ ఓఎస్) వేసిచ్చా నేను, మా మామయ్యకి తేడానే తెలియలేదు, "కొత్త విండోస్ బాగుందిరా" అన్నాడు.

లైసెన్సు కొనకుండా విండోస్ యాక్టివేట్ చేసే ఆ ఫ్రీ యాక్టివేటర్ వేయమనేవాళ్ళకి నో చెప్పండి. మా ఏరియాలో ఒక షాపతను వేసిచ్చిన దాంట్లోంచి బ్రౌజర్ పాస్‌వర్డ్లన్నీ ఎగిరిపోయాయి.

మారతహళ్ళి రిపేర్

వారం అయింది, అప్‌డేట్ చెయ్యండి అంటారేమో అని రాస్తున్నా. ఐఎస్ఓలో అప్‌డేట్లు కలిపినా, మెషీన్‌కి గంటన్నర దాకా మిగులుతాంది. నిన్న ఎనిమిదికే షట్టర్ వేసినా, ఇంట్లో ఆమె "ఒంట్లో బాగాలేదా" అని అడిగింది. పెన్‌డ్రైవ్ మాత్రం ఇంకా యూఎస్‌బీ 2.0దే, కాపీ అయ్యేటప్పుడు నిద్రొస్తాంది. పాతకాపన్నా, పెన్‌డ్రైవ్ బదులు వాడుకునేలా ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (స్పీడ్ రకం) పెట్టుకునే యూఎస్‌బీ కేసింగ్ మీ దగ్గర ఉంటే ఒకటి తీసిపెట్టు, ఆదివారం ఎస్పీ రోడ్‌లో షాపులు చాలావరకు మూసుంటాయి కదా, సోమవారం పొద్దున్నే పిల్లోణ్ణి పంపిస్తా.